నీడలో వస్తుంది, మరి పూస్తుందా?

మా ఇంటికీ ఉత్తరం ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. హైదరాబాద్‌లో నూరు, నూట యాభై గజాల్లో కట్టుకున్న చాలా ఇళ్లకు ఇలాంటి సందు ఒకటి ఉంటుంది. ఒకవైపు మన గోడ, రెండోవైపు ప్రహరీ, దాని వెనక పక్కవాళ్ల మూడంతస్తుల మేడ. నీళ్ల మోటారు, ఖాళీ గ్యాస్ సిలిండరు, పగిలిన కుండీలు అన్నీ అక్కడే. వంటింటి కిటికీ కూడా ఆ వైపే. కిటికీ పక్కన గోడకు ఇనుప జాలీ బిగించి, దాని మీదికి పూల తీగ ఒకటి పాకించాలని అమ్మ ఎన్నాళ్లుగానో అంటుండేది.

2016 జూన్‌లో నర్సరీకి వెళ్లి, నీడలో వచ్చే పూల తీగ కావాలని అడిగాను. అతను సన్నజాజి చూపించాడు. "నిజంగా నీడలో వస్తుందా అన్నా?" అని మళ్లీ అడిగాను. "ఎందుకు రాదు మేడం, ఇక్కడ మా దగ్గర నీడలోనే కదా పెరిగింది" అన్నాడు.

వచ్చింది. మూడేళ్లలో జాలీ అంతా పచ్చగా అల్లుకుంది. పువ్వు మాత్రం లేదు. వానాకాలం సాయంత్రాలు అమ్మ గిన్నె పట్టుకుని వెళ్లి ఆకులు ఎత్తి ఎత్తి వెతికేది, ఒట్టి గిన్నెతో తిరిగొచ్చేది. నాలుగో ఏడు ఆగస్టులో ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్తే గుప్పున వాసన. పిట్టగోడ దాటి ఎండలోకి తల పెట్టిన రెండు కొమ్మలు విరగబూసి ఉన్నాయి. కింద ఇరవై అడుగుల తీగకు ఒక్క మొగ్గ కూడా లేదు.

నర్సరీ అతను అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన దానికే జవాబిచ్చాడు. చిక్కంతా "వస్తుంది" అనే మాటలో ఉంది. మొక్కల విషయంలో ఆ ఒక్క మాటలో మూడు సంగతులు కలిపేస్తాం: బతుకుతుంది, పెరుగుతుంది, పూస్తుంది. నీడ దగ్గరికి వచ్చేసరికి ఈ మూడూ మూడు వేర్వేరు దారులు. నీడలో బతికే తీగలు లెక్కలేనన్ని. పెరిగేవి కూడా చాలానే. పూసేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకంటే పువ్వు అనేది మొక్కకు ఖర్చు. ఆకు వెలుతురు పట్టుకుని చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరలో కొంత ఆకు తన ఊపిరికే వాడుకుంటుంది, పగలూ రాత్రీ. మిగిలిన దానిలో వేరుకు పోవాలి, కొత్త ఆకుకు పోవాలి. అవన్నీ తీరాక మిగిలితే మొగ్గ. వెలుతురు తగ్గుతూ పోతే ఒక స్థాయి దగ్గర ఆకు సంపాదించేదీ, ఖర్చు పెట్టేదీ సరిసమానం అవుతాయి. ఆ గీత మీద ఉన్న మొక్క చావదు, ఎదగదు. గీతకు కాస్త పైన ఉంటే ఆకులు వేస్తుంది. పూత పడాలంటే గీతకు చాలా పైన ఉండాలి.

తీగల విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలా తీగలు అడవి జాతివి. చెట్ల కింద చీకట్లో మొలిచి, ఏదో ఒక మానును పట్టుకుని, పైన ఎండ దొరికేదాకా ఎక్కుతూ పోవడం వాటి పద్ధతి. పూయడం పైకి చేరాక. అంటే వాటికి నీడ దారి మాత్రమే, ఎండే ఇల్లు. అందుకే నీడలో తీగ జోరుగా పెరుగుతుంటే మనం సంబరపడిపోతాం గానీ, అది వెతుకులాట. ఈ తేడా కంటికి కనిపిస్తుంది. గణుపుకూ గణుపుకూ మధ్య దూరం చూడండి. మా సన్నజాజికి మేడ మీద ఉన్న కొమ్మల్లో ఆ దూరం రెండు వేళ్ల వెడల్పు. కింద సందులో అదే తీగకు జానెడు. ఆకులు కూడా కింద పెద్దవి, పలచనివి. వెలుతురు చాలనప్పుడు తీగ తన దగ్గరున్న కాస్త సొమ్మునూ పొడవు మీదే పెడుతుందన్నమాట.

నీడ ఎంత నీడ?

"మా దగ్గర నీడలోనే పెరిగింది" అన్నాడు కదా, అందులో కూడా నిజం ఉంది. హైదరాబాద్ నర్సరీలకు చాలా మొక్కలు రాజమండ్రి దగ్గర కడియం నుంచి లారీల్లో వస్తాయి. అక్కడా ఇక్కడా వాటిని ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద ఉంచుతారు. యాభై శాతం నెట్ అంటే ఎండలో సగం కిందికి దిగుతుంది. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు, ఎండాకాలం మధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. అంటే నెట్ కింద యాభై వేలు. నర్సరీ వాళ్ల భాషలో అది నీడ. మా సందులో డిసెంబరు మధ్యాహ్నం ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి చూస్తే నేల దగ్గర 1,800 చూపించింది, ఎనిమిది అడుగుల ఎత్తులో 9,000. ఇది కూడా నీడే. మాట ఒకటే గానీ వెలుతురు పాతిక రెట్లకు పైగా తేడా.

మన కన్ను ఈ తేడాను పట్టుకోలేదు. చీకటిగా ఉంటే కనుపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి, ఎండలో నుంచి సందులోకి వచ్చిన రెండు నిమిషాలకే "బానే వెలుతురుంది కదా" అనిపిస్తుంది. మొక్కకు అలా సర్దుకునే వీలు లేదు. ఫోన్ యాప్‌లు కచ్చితంగా ఉండవు, ఒక ఫోన్‌కూ ఇంకో ఫోన్‌కూ తేడా వస్తుంది. అయినా రెండు చోట్లను పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి.

యాప్ లేకపోయినా పర్వాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి జాలీ దగ్గర తెల్లకాగితం పట్టుకుని, దానికి అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా తెలిసేలా నీడ పడితే అది ఎండ కిందే లెక్క. చెయ్యి ఆకారం మసగ్గా తెలిస్తే పని జరిగే నీడ. ఏమీ తెలియకపోతే అక్కడ పూల మీద ఆశ పెట్టుకోవద్దు. నాకు దీనికన్నా నచ్చిన పద్ధతి ఒకటుంది. మొక్క ఎక్కడ ఉండబోతోందో అక్కడ చిన్న స్టూలు వేసుకుని కూర్చుని తల పైకెత్తి చూడటం. ఆకాశం ఎంత కనిపిస్తుంది? సూర్యుడు కనిపించకపోయినా సగం ఆకాశం కనిపిస్తే మొక్కకు చాలా వెలుతురు అందుతున్నట్టే. అపార్ట్‌మెంట్ బాల్కనీలకు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. పై బాల్కనీ స్లాబు, ఎదుటి బ్లాకు కలిసి ఆకాశాన్ని రిబ్బన్ ముక్క చేసేస్తాయి. ఆ రిబ్బన్ ఎంత వెడల్పో దాన్ని బట్టే పూత.

దేని నీడ అన్నది కూడా ముఖ్యమే. గోడ నీడలో తక్కువైనా సరే అన్ని రంగులూ ఉన్న వెలుతురు పడుతుంది. చెట్టు నీడ అలా కాదు. పైనున్న ఆకులు తమకు కావలసిన ఎరుపు, నీలం కాంతిని పీల్చేసుకుని మిగిలినది కిందికి వదులుతాయి. ఆ ఎంగిలి వెలుతురు పడగానే కింది మొక్కకు తన మీద ఇంకొకరున్నారని తెలిసిపోతుంది, సాగడం మొదలుపెడుతుంది. పైగా చెట్టు వేళ్లు నీళ్లకూ ఎరువుకూ పోటీ. అయితే చెట్టు నీడకు ఒక మంచి గుణం ఉంది, అది ఏడాది పొడవునా ఒక్కలా ఉండదు. బాదం చెట్టు చలికాలం చివర ఆకంతా రాల్చేస్తుంది. వేప ఫిబ్రవరి, మార్చిలో బోసిపోతుంది. ఆ కొన్ని వారాలు కింద తీగకు పండగ. మూడోది సజ్జా నీడ, బాల్కనీ నీడ. అక్కడ వెలుతురు పక్క నుంచి వస్తుంది గానీ వాన పడదు, కాబట్టి జూలైలో ఊరంతా తడుస్తున్నా ఆ కుండీ ఎండిపోతుంటుంది.

మన ఉత్తరం గోడ వేరు

ఇంటర్నెట్‌లో ఈ విషయం వెతికితే వచ్చే సలహాల్లో చాలావరకు ఇంగ్లండ్, అమెరికా తోటలవి. "ఉత్తరం గోడకు ఎప్పుడూ ఎండ తగలదు" అని వాటిలో ఉంటుంది. వేసవిలో పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండ తప్పిస్తే వాళ్లకు అది నిజం. మనకు కాదు. కర్కటరేఖ 23.5 డిగ్రీల దగ్గర ఉంది, హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర. అంటే సూర్యుడు ఎండాకాలంలో మన నెత్తి దాటి ఉత్తరం వైపు వెళ్తాడు. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం హైదరాబాద్‌లో నిలువు కర్రకు నీడే పడదు. ఆ రెండు రోజుల మధ్యా సూర్యుడు మధ్యాహ్నం కూడా కొద్దిగా ఉత్తరంగానే ఉంటాడు. విజయవాడలో ఇది మూడు నాలుగు రోజులు అటూ ఇటూ, అంతే.

అదే డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. ఇరవై అడుగుల ఎత్తున్న ఇల్లు ఉత్తరం వైపు పదిహేడు అడుగుల నీడ వేస్తుంది. నాలుగడుగుల సందు ఆ నీడలో పూర్తిగా మునిగిపోతుంది.

ఈ లెక్క తెలియక నేను రెండో దెబ్బ తిన్నాను. సన్నజాజి పక్కనే ఒక నీడ మొక్క పెట్టాను. చలికాలమంతా చీకట్లో పెద్ద పెద్ద పలచటి ఆకులు వేసుకుని హాయిగా ఉంది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం నడినెత్తి ఎండ సందులోకి నేరుగా దిగింది. మూడు రోజుల్లో ఆకులన్నీ అప్పడాల్లా మాడాయి. నీడ మొక్కను నీడలో పెట్టినా ఎండదెబ్బ తగిలిందంటే మొదట నమ్మలేకపోయాను. మన ఉత్తరం సందు ఏడాదిలో ఎక్కువ నెలలు చీకటి, మే నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నం రెండు మూడు గంటలు నిప్పు. ఈ రెండింటినీ ఓర్చుకునే తీగ కావాలి, లేదా మేలో పాత చీరో షేడ్‌నెట్ ముక్కో అడ్డం కట్టే ఓపిక మనకుండాలి.

అప్పటి నుంచి నేను చేసే పని ఇది. డిసెంబరులో ఒక ఆదివారం, మార్చిలో ఒకటి, మే చివర ఒకటి. గంటకోసారి వెళ్లి గోడ మీద ఎండ అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గీత గీసి టైము రాస్తాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా పదకొండు గీతలు. మూడు రోజుల గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఎత్తులో, ఏ నెలలో, ఎన్ని గంటలు ఎండ పడుతుందో తెలిసిపోతుంది. తీగ ఎంపికకు ఇంతకన్నా పెద్ద సలహా నా దగ్గర లేదు.

తూర్పు గోడ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దుటి మెత్తటి ఎండ రెండు మూడు గంటలు, తర్వాత నీడ. నీడలో పూసే తీగలన్నింటికీ అదే కావాలి. పడమటి గోడను "మధ్యాహ్నం దాకా నీడే కదా" అని నీడ కింద జమ కట్టేవాళ్లున్నారు, అది పొరపాటు. మూడింటి నుంచి ఐదున్నర దాకా తగిలే ఏప్రిల్ ఎండ సున్నితమైన తీగను నిలవనివ్వదు. ఆ గోడకు కాగితంపూలో, రాధామనోహరమో పెట్టుకోవాలి.

ఏ తీగ?

కొన్నింటిని ముందే పక్కన పెట్టేయొచ్చు. కాగితంపూలు, శంఖుపుష్పం, అల్లమండ, మల్లె, జాజి, విరజాజి, ఇవన్నీ కనీసం సగం పూట ఎండ అడిగేవి. నీడలో ఆకులిస్తాయి, అంతే. మనీప్లాంట్ నీడలో ఎంత బాగా పాకినా పూలు అడగొద్దు. ఎంత ఎండ ఇచ్చినా అది పూయదు, ఎందుకంటే పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దానిలో తయారు కాదు. దానంతట అది పూసిన చివరి దాఖలా 1964 నాటిది.

నేను ముందు చెప్పే పేరు బ్లీడింగ్ హార్ట్ తీగ. శాస్త్రీయ నామం క్లెరోడెండ్రం థామ్సోనియే, పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మనకు తెలుగు పేరు లేదు గానీ నర్సరీలో బ్లీడింగ్ హార్ట్ అంటే ఇస్తారు. అదే పేరుతో చలిదేశాల మొక్క ఇంకొకటి ఉంది, ఫొటోలు చూసి గందరగోళపడొద్దు. మనకు కావలసినది తెల్లటి గుత్తులది. పువ్వును దగ్గరగా చూడాలి. ముందు ఐదు మూలల తెల్ల కాగితపు సంచి లాంటిది ఉబ్బుతుంది. అది రేకు కాదు, రక్షక పత్రం. నాలుగైదు రోజులకు దాని మూతి చీల్చుకుని ముదురు ఎరుపు పువ్వు బయటకొస్తుంది, అందులోంచి పొడవాటి కేసరాలు పిల్లి మీసాల్లా ముందుకు చాస్తాయి. ఎర్ర పువ్వు త్వరగా రాలిపోతుంది. తెల్ల సంచులు మాత్రం వారాల తరబడి గుత్తిలో ఉండిపోయి, మెల్లగా ఊదా రంగుకు తిరుగుతాయి. నీడలో ఇది చాలా పెద్ద లాభం. మొక్క కొత్త పువ్వు పూయకపోయినా జాలీ మీద రంగు నిలిచి ఉంటుంది. పైగా తెలుపు చీకట్లో కనిపించే రంగు. నీలం, ముదురు ఎరుపు పూలు నీడ గోడ మీద పది అడుగుల దూరానికే కలిసిపోతాయి.

ఇది చుట్టుకుంటూ ఎక్కే తీగ, పది పన్నెండు అడుగులు దాటదు. ఇంటి గోడ జాలీకి సరిగ్గా సరిపోయే కొలత. పొద్దుటి ఎండ రెండు గంటలు దొరికితే నిండుగా పూస్తుంది. ఎండ అసలు లేకుండా ఆకాశపు వెలుతురు మాత్రమే ఉంటే పూత పలచబడుతుంది గానీ ఆగదు. చలి దీనికి పడదు. హైదరాబాద్ డిసెంబరు, జనవరిలో ఆకులు పసుపుబారి రాలుతుంటే చాలామంది కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తారు, వేరు కుళ్లేది అప్పుడే. ఆ రెండు నెలలు నీళ్లు తగ్గించి, ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించాలి. కొత్త కొమ్మ మీదే మొగ్గ వేస్తుంది కాబట్టి, కత్తిరించకపోతే పాత కొమ్మ పైపైకి పోయి పూలు కూడా అక్కడే ఉంటాయి.

రెండోది మన సొంత తీగ, మనోరంజితం. ఫలసంపెంగ అని కూడా అంటారు. పుట్టుకే దక్షిణ భారతం, శ్రీలంక. ఆకు ముదురాకుపచ్చ, నిగనిగలాడుతుంది. పువ్వు కూడా మొదట ఆకుపచ్చే, ఆకుల్లో వెతికినా దొరకదు. మూడు నాలుగు రోజులకు పసుపుకు తిరిగాక వాసన మొదలవుతుంది, మగ్గిన పండు వాసన. మనసులో ఏ పండు తలచుకుంటే ఆ వాసన వస్తుందని పెద్దవాళ్లు అంటారు. మా అమ్మకు పనసపండు, నాకు అరటిపండు. పూల కాడే కొక్కెంలా వంగి దేన్నైనా పట్టుకుంటుంది, దాంతోనే ఎక్కుతుంది. చెట్ల సందుల్లో పెరిగిన మొక్క కాబట్టి కొంత నీడను బాగా ఓర్చుకుంటుంది. కంటికి పూలు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. వాసన కోసం, అదీ రెండు మూడేళ్లు ఆగగలిగితే, దీన్ని మించింది లేదు. కొమ్మ బరువు ఎక్కువ, పలచటి వెదురు తడిక దీన్ని మోయలేదు. సంపెంగ వాసనకు పాములొస్తాయన్న భయం చాలా ఇళ్లలో ఉంది. పాము పూల వాసన కోసం రాదు. మొదలు దగ్గర గుబురుగా వదిలేస్తే ఎలుకలు, కప్పలు చేరతాయి, వాటి కోసం వస్తుంది. నేల నుంచి రెండడుగుల దాకా కొమ్మలు తీసేసి శుభ్రంగా ఉంచుకుంటే చాలు.

బాల్కనీకైతే హోయా. మందపాటి ఆకులు, మైనంతో చేసినట్టుండే నక్షత్రాల గుత్తి, సాయంత్రం వాసన. నేరు ఎండ అక్కర్లేదు, అయితే ఆకాశం బాగా కనిపించాలి. ఇది నిదానమైన తీగ. చిన్న కుండీలో వేళ్లు కాస్త బిగుసుకున్నా పూస్తుంది కాబట్టి పెద్ద కుండీలోకి మార్చాలన్న తొందర వద్దు. పూలు రాలాక మిగిలే మోడు కాడను తుంచేయకండి. మళ్లీ ఏడు అదే కాడ చివర గుత్తి వేస్తుంది. తెలియక నేను శుభ్రం చేస్తున్నాననుకుని రెండు కాడలు తీసేశాను, ఏడాది పూత పోయింది.

థన్‌బెర్జియా గురించి జాగ్రత్తగా చెప్పాలి. నీలం పూల థన్‌బెర్జియా గ్రాండిఫ్లోరా సగం నీడలో బ్రహ్మాండంగా పూస్తుంది, మన దేశపు మొక్కే. కానీ దాని జోరు అలాంటిలాంటిది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దాన్ని కలుపు మొక్కగా ప్రకటించారు. నాలుగడుగుల సందులో పెడితే రెండేళ్లలో పైపులు, కేబుళ్లు, పక్కింటి ఏసీ అన్నీ దానివే. స్థలమున్న పెరట్లోనే పెట్టండి. దాని చుట్టం థన్‌బెర్జియా మైసూరెన్సిస్ పసుపు, మెరూన్ రంగుల పూల గొలుసులు వేలాడదీసే అందాల తీగ. ఫొటో చూసి అందరూ అదే అడుగుతారు. అది పడమటి కనుమల చల్లదనంలో పుట్టింది. అరకు లాంటి చోట సరే గానీ, మైదానంలో మన మే నెల దానికి కష్టం.

నాభి, అదే అగ్నిశిఖ, కూడా సగం నీడలో పూస్తుంది. మంటల్లాంటి పూలు, ఆకు కొసలే మెలితిరిగి ఆధారం పట్టుకుంటాయి. అయితే దుంప నుంచి గింజ దాకా మొక్కంతా విషం, అందులో ఉండే కోల్చిసిన్ ప్రాణం తీయగలదు. చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు తిరిగే ఇంట్లో నేనైతే పెట్టను.

అన్నీ చూశాక మీ గోడ పైభాగంలో మాత్రమే ఎండ ఉందని సుద్ద గీతలు చెప్తే, అప్పుడు దారి వేరు. అప్పుడు వెతకాల్సింది నీడ తీగను కాదు, కాళ్లు నీడలో, తల ఎండలో పెట్టుకోగలిగిన తీగను. అలాంటివాటిలో రాధామనోహరం రాణి. కింద రెండే కాడలు ఉంచి, పక్క కొమ్మలు తీసేస్తూ పైకి పంపించాలి. ఎండ తగిలే ఎత్తు రాగానే అడ్డంగా కట్టి పరచాలి. నిలువుగా ఎక్కే కొమ్మ కొసకే బలం పోతుంది. అడ్డంగా వంచితే ప్రతి గణుపు దగ్గరా పిలక లేస్తుంది, పిలకకో గుత్తి. పైన పూసి కిందికి వేలాడతాయి. సాయంత్రం విచ్చుకున్నప్పుడు తెలుపు, మర్నాటికి గులాబీ, మూడోనాటికి ఎరుపు. రాత్రి తిరిగే రెక్కల పురుగులను తెలుపూ వాసనా పిలుస్తాయి, పగటి తేనెటీగలను రంగు పిలుస్తుంది. వెల్లుల్లి తీగను కూడా ఇలాగే పైకి పంపొచ్చు. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన, పూలు మాత్రం లేత ఊదా.

లేదా తిరగేసి ఆలోచించొచ్చు. కుండీని ఎండ ఉన్న మేడ మీదే పెట్టి తీగను కిందికి వదలడం. చివరికి మా సన్నజాజికి నేను చేసింది అదే. అంటు తొక్కి, పెద్ద కుండీలో మేడ మీదికి మార్చాను. తడి మట్టి కుండీ చాలా బరువు, పిట్టగోడ మీద ఎప్పుడూ పెట్టకండి. స్లాబు మీద పెట్టి కొమ్మలను గోడ మీదుగా వేలాడదీయండి.

ఇక ఆకాశమే కనిపించని సందు అయితే పూల ఆశ వదులుకుని తమలపాకు పెట్టండి. గుంటూరు వైపు తమలపాకు తోటల్లో అవిశ చెట్ల నీడన దాన్ని పెంచేది, ఎండ దానికి గిట్టదు కనుకనే. చేతికి అందే ఎత్తులో మెత్తటి ఆకు, పూజకూ భోజనం తర్వాతకూ. బోసి గోడ కన్నా వెయ్యి రెట్లు నయం.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇదంతా అలాగే పాటిస్తే కుదరదు. న్యూజెర్సీ 40 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఒక్కరోజు కూడా ఉత్తరానికి రాడు. పైన చెప్పిన తీగలన్నీ అక్కడి చలికి ఆరుబయట పోతాయి. అక్కడి ఉత్తరం గోడకు క్లైంబింగ్ హైడ్రాంజియా ఉంది. తెల్లటి గుత్తులు, వేళ్లతో గోడను పట్టుకుని ఎక్కుతుంది, పూతకు కొన్నేళ్లు పడుతుంది. అది మనకు రాదు, మన బ్లీడింగ్ హార్ట్ వాళ్లకు కుండీలో ఇంటి లోపలే.

జాలీ గురించి రెండు మాటలు. గోడకు ఆనించి బిగించకండి, జానెడు ఎడం ఉండాలి. చుట్టుకునే తీగ వెనక నుంచి తిరగాలి, గాలి ఆడాలి. నీడ గోడ త్వరగా ఆరదు కాబట్టి గాలి లేకపోతే ఆకుల మీద బూడిద తెగులు, కాడల మీద పిండినల్లి. పిండినల్లి కనిపించిన రోజే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. వెదురు తడిక నీడ తేమలో రెండు వానాకాలాలు ఆగితే గొప్ప.

నీళ్లు మాత్రం వేలు మట్టిలో పెట్టి చూశాకే. నీడలో మొక్కలు దాహంతో చచ్చేది తక్కువ, మనం రోజూ ప్రేమగా పోసే చెంబుడు నీళ్లకు వేరు కుళ్లి చచ్చేది ఎక్కువ. పూయడం లేదని యూరియా వేయొద్దు, ఆకులే ఇంకా పెరుగుతాయి. దానికి తక్కువైంది ఎరువు కాదు, వెలుతురు. వెలుతురును కొంత పెంచొచ్చు కూడా. ఎదుటి ప్రహరీకి తెల్లసున్నం వేయండి. మా సందులో సున్నం వేసిన మర్నాడు అదే చోట, అదే టైముకు యాప్ అంతకుముందు కన్నా సగం ఎక్కువ చూపించింది.

2020 వానాకాలంలో, సున్నం ఆరాక, బ్లీడింగ్ హార్ట్ నాటాను. మొదటి ఏడు ఆకులే. రెండో ఏడు మార్చి చివర, వంటింటి కిటికీ ఎత్తులో, మొదటి తెల్ల సంచి ఉబ్బింది. ఇప్పుడు ఏప్రిల్ నుంచి దసరా దాటేదాకా గుత్తులుంటాయి, జాలీ నిండా కాదు, పైసగంలో. కింద రెండడుగులు ఇప్పటికీ ఒట్టి ఆకే. అక్కడ సుద్ద గీతలు లేవు. మొన్న ఫిబ్రవరిలో కత్తిరించినప్పుడు మూడు కొమ్మలు పక్క వీధి పిన్నిగారికి ఇచ్చాను. వాళ్లది తూర్పు గోడ, మాకన్నా ముందే మొగ్గ వేసిందని నిన్న ఫోన్ చేశారు.